కాశీ నుంచి వస్తూ... కలకత్తాలో ఒక్క పూట

కాశీయాత్ర అంటే మనవాళ్ళకి ఈనాటికీ చిన్న విషయం కాదు. ప్రయాగలో స్నానం, కాశీలో తొమ్మిది నిద్రలు, గయలో పిండప్రదానం... ఇవన్నీ పూర్తయ్యేసరికి పదిహేను రోజులు ఇట్టే గడిచిపోతాయి. ఇష్టమైన పండొకటి, కూరొకటి గంగలో వదిలేసి కూడా వస్తాం. (మావారు కాకరకాయ వదిలేశారు. పెళ్ళయి పాతికేళ్ళయింది, ఆయన కాకరకాయ ముట్టగా నేను చూడలేదు!)

ఇంటినుంచి బయల్దేరేటప్పుడు ఉన్న ఉత్సాహం తిరుగు ప్రయాణంలో ఎవరికీ ఉండదు. కాళ్ళు వాచి ఉంటాయి. సంచుల నిండా మాసిన బట్టలు. సీలు వేయించిన గంగాజలం చెంబులు, కాశీ దారాలు, అన్నపూర్ణమ్మ విగ్రహాలు, పక్కింటావిడ తెమ్మన్న ఇత్తడి గంట... మగవాళ్ళకి యాత్ర అయిపోయినట్టే. మనకి మాత్రం అసలు పని ఇంటికెళ్ళాకే మొదలు! ఇల్లు దులుపుకోవాలి, బట్టలు ఉతుక్కోవాలి, కాశీ సమారాధనకి యాభైమందికో వందమందికో వంట చూసుకోవాలి. ఔనంటారా, కాదంటారా?

అందుకే ఈ వ్యాసంలో కాశీ గురించి కాదు, దారిలో దొరికే ఒక్క పూట గురించి చెప్పాలనుకుంటున్నాను. ఉత్తరాంధ్ర వాళ్ళూ, గోదావరి జిల్లాల వాళ్ళూ చాలామంది గయ నుంచి హౌరా మీదుగా ఇంటికి వస్తారు. గయలో రాత్రి బండెక్కితే తెల్లారేసరికి హౌరాలో దిగుతారు. మనవైపు వచ్చే బండి ఏ రాత్రికో ఉంటుంది. మధ్యలో పది పన్నెండు గంటలు! ఆ గంటలన్నీ ఏమవుతాయో మీకు తెలుసు. మగవాళ్ళు "అలా ఊరు చూసొస్తాం" అని వెళ్తారు. ఆడవాళ్ళు సామాను చుట్టూ కూర్చుంటారు.

మా అమ్మ రెండుసార్లు కాశీ వెళ్ళింది. రెండుసార్లూ హౌరాలోనే బండి మారింది. "కలకత్తా ఎలా ఉంటుందమ్మా?" అని చిన్నప్పుడు అడిగితే, కాసేపు ఆలోచించి, "వెయిటింగ్ రూములో ఫ్యాన్లు చాలా ఎత్తునుంటాయే" అంది. అంత మహానగరంలో ఆవిడ చూసింది అదొక్కటే! మూడోసారి వెళ్ళే యోగం ఆవిడకి రాలేదు.

ఆ మాట గుర్తుండే, రెండేళ్ళ క్రితం మేం వెళ్ళినప్పుడు నేను ముందే చెప్పేశాను - హౌరాలో సామానుకి కాపలా కూర్చోనని. మావారు, మా అత్తగారు, ఆడపడుచు, ఆవిడ భర్త, నేను, మొత్తం ఐదుగురం. ఆ పూట ఎలా గడిచిందో, మీరు వెళ్తే ఏమేం చూసుకోవాలో చెబుతాను.

ముందు సామాను సంగతి

ఊరు చూడ్డానికి ఆడవాళ్ళకి అడ్డం వచ్చేది మోకాళ్ళ నొప్పులు కావు, సామాను. స్టేషన్లో క్లోక్ రూము అని ఉంటుంది. రైలు టికెట్టు, గుర్తింపు కార్డు చూపించి సామాను అక్కడ పెట్టుకోవచ్చు. అయితే ప్రతి సంచికీ, పెట్టెకీ తాళం ఉండాలి. తాళం లేని సంచి తీసుకోరు. కాబట్టి ఇంటిదగ్గర బయల్దేరేటప్పుడే నాలుగు చిన్న తాళాలు సంచిలో పడేసుకోండి. స్టేషన్ బయట కొంటే ధర రెట్టింపు చెబుతారు.

"ఆ డబ్బులు దండగ కదా, నువ్వూ అమ్మా ఇక్కడ కూర్చుంటే సరిపోతుందిగా" అని మావారు అననే అన్నారు. "ఇద్దరు ఆడవాళ్ళ పూట కన్నా ఆ రుసుము ఎక్కువా?" అంటే ఇంక మాట్లాడలేదు. మీ ఇంట్లోనూ ఈ మాట వస్తుంది, జవాబు సిద్ధంగా ఉంచుకోండి!

బంగారం, డబ్బు, మందులు, తినుబండారాలు మాత్రం మనతోనే ఉండాలి. ఒక చిన్న చేతిసంచిలో టికెట్లు, నీళ్ళ సీసా, తువ్వాలు, పెద్దవాళ్ళ బీపీ మాత్రలు, ఒక ప్లాస్టిక్ కవరు పెట్టుకోండి. గంగాజలం చెంబులు బట్టల మధ్య నిలబెట్టి సర్దండి. సీలు గట్టిదే అయినా పడుకోబెడితే నీరు కారే అవకాశముంది.

ఇంకో ముఖ్య విషయం. మీ తర్వాతి బండి ఏ స్టేషన్ నుంచో టికెట్టు మీద ఒకటికి రెండుసార్లు చూసుకోండి. పెద్దవాళ్ళు "కోరమండల్ హౌరాలో ఎక్కడమే కదా" అంటారు. ఆ బండి ఇప్పుడు షాలిమార్ నుంచి బయల్దేరుతోంది. కొన్ని బండ్లకి సాంత్రాగాఛి. గయ వైపునుంచి వచ్చేవాటిలో కొన్ని సియాల్దా చేరతాయి, అది నదికి అవతలి ఒడ్డు. ఇది తెలీక ఆఖరి నిమిషంలో పరుగులు పెట్టేవాళ్ళని కళ్ళారా చూశాం.

తల మీద గంగ!

వెయిటింగ్ రూములో స్నానాలు చేసి, ఉతికిన బట్టలు కట్టుకుని, తొమ్మిదింటికల్లా బయటపడ్డాం. అన్నీ చూసేయాలనే ఆశ పెట్టుకోవద్దు. ఒక్క పూటలో కాళీఘాట్, బేలూరు, విక్టోరియా మెమోరియల్, మ్యూజియం అన్నీ అనుకుంటే దేన్నీ తృప్తిగా చూడలేం. మేం ఒకే గుడి, ఒకే బజారు, ఒక పడవ ప్రయాణం అనుకున్నాం. గుడి దక్షిణేశ్వరం.

హౌరా స్టేషన్ దగ్గరే మెట్రో రైలుంది. మన దేశంలో మొట్టమొదటి మెట్రో 1984లో కలకత్తాలోనే మొదలైంది. నది అడుగునుంచి వెళ్ళే మెట్రో కూడా మొదట ఇక్కడే! 2024 మార్చిలో ప్రారంభించారు. హౌరా నుంచి ఎస్ప్లనేడ్ వెళ్ళేదారిలో దాదాపు 520 మీటర్లు హుగ్లీ నది కిందే. ముప్పావు నిమిషంలో దాటేస్తుంది. హుగ్లీ అంటే వేరే ఏదో నది అనుకునేరు, మన గంగమ్మే. అక్కడివాళ్ళు గంగ అనే పిలుస్తారు. సొరంగంలో నీలంరంగు దీపాలు కనిపిస్తే, మా అత్తగారు చేతులు జోడించి, "ఇన్నాళ్ళూ గంగలో మునిగాం. ఇవాళ శివుడిలా గంగని నెత్తిమీద పెట్టుకున్నామే!" అన్నారు. పెట్టెలో ఉన్న బెంగాలీవాళ్ళకి మాట అర్థం కాకపోయినా ఆవిడ దండం అర్థమైంది, అందరూ నవ్వారు.

స్టేషన్ భూమికి చాలా లోతున ఉంటుంది. పెద్దవాళ్ళని లిఫ్టులో తీసుకెళ్ళండి. ఎస్కలేటరు ఎక్కితే కుచ్చిళ్ళు కాస్త పైకి పట్టుకోండి, కొంగు నడుములో దోపుకోండి. ఎస్ప్లనేడ్‌లో దిగి, పైకి రాకుండా లోపలే దక్షిణేశ్వరం వెళ్ళే మెట్రో మారాలి. అక్కడినుంచి అరగంట పైచిలుకు. దక్షిణేశ్వరందాకా మెట్రో 2021లో వచ్చింది. దిగాక గుడి దాకా 2018లో కట్టిన ఆకాశవంతెన ఉంది. ఎండా వానా లేకుండా నడిచిపోవచ్చు.

కాశీకి వెళ్ళకుండా ఆగిపోయిన ఇల్లాలు

దక్షిణేశ్వరం అనగానే మనకి రామకృష్ణ పరమహంస గుర్తొస్తారు. ఆ గుడి కట్టించింది మాత్రం ఒక స్త్రీ. పేరు రాణీ రాస్మణి. పుట్టుకతో రాణి కాదు. 1793లో పల్లెటూళ్ళో ఒక పేద కుటుంబంలో పుట్టింది. పదకొండో ఏట కలకత్తా జమీందారు రాజచంద్ర దాస్‌కి ఇచ్చి పెళ్ళి చేశారు. 1836లో భర్త పోయాడు. నలుగురు ఆడపిల్లలు. మిగిలినవాళ్ళు ఆస్తి పంచుకుపోతారని లోకం అనుకుంటుండగా, ఆవిడ తనే కచేరీలో కూర్చుని జమీందారీ నడిపింది.

ఆ రోజుల్లో కంపెనీ ప్రభుత్వం గంగలో చేపలు పట్టుకునే జాలర్ల మీద పన్ను వేసింది. వాళ్ళు వచ్చి ఈవిడ దగ్గర మొరపెట్టుకున్నారు. ఆవిడ ఏం చేసిందనుకున్నారు? నదిలో కొంతభాగాన్ని ప్రభుత్వం దగ్గరే కౌలుకి తీసుకుని, అడ్డంగా ఇనుప గొలుసులు కట్టించిందట! ఓడలన్నీ ఆగిపోయాయి. "ఓడల రాకపోకలకి చేపలు బెదిరిపోతున్నాయి, నేను కౌలు కట్టిన నీళ్ళు ఇవి" అందట. చివరికి దొరలు దిగివచ్చి పన్ను తీసేశారని అక్కడివాళ్ళు ఇప్పటికీ కథలుగా చెప్పుకుంటారు.

అసలు విశేషం ఇప్పుడు చెబుతాను. ఆవిడ కాశీయాత్రకి బయల్దేరింది. అప్పట్లో రైళ్ళు లేవుగా, పడవల మీదే ప్రయాణం. చుట్టాలు, పనివాళ్ళు, నెలలకి సరిపడా సామానుతో పడవలు సిద్ధమయ్యాయి. బయల్దేరే ముందురాత్రి అమ్మవారు కలలో కనిపించి, "కాశీ దాకా రానక్కర్లేదు. ఈ గంగ ఒడ్డునే నాకు గుడి కట్టు, ఇక్కడే నీ పూజ అందుకుంటాను" అని చెప్పిందని ప్రతీతి. ఆవిడ యాత్ర మానుకుని 1847లో స్థలం కొంది. ఎనిమిదేళ్ళు పట్టింది. 1855 మే 31న భవతారిణి అమ్మవారి ప్రతిష్ఠ జరిగింది.

అప్పుడూ చిక్కులే! ఆవిడ బ్రాహ్మణేతర కులస్తురాలని, ఆ గుడిలో పూజ చేయడానికి పండితులు ముందుకు రాలేదు. రామకుమార్ చటోపాధ్యాయ అనే పండితుడు మాత్రం, గుడిని ఒక బ్రాహ్మణుడి పేరుమీద దానం రాస్తే శాస్త్రానికి విరుద్ధం కాదని దారి చూపించి, తనే పూజారిగా వచ్చాడు. ఆయన వెంట వచ్చిన తమ్ముడే గదాధరుడు. మన రామకృష్ణ పరమహంస!

కాశీ చూసి వస్తున్న మేము, కాశీకి వెళ్ళకుండా ఆగిపోయిన ఆవిడ కట్టించిన గుడి మెట్లమీద కూర్చుని ఈ కథ చెప్పుకుంటుంటే, మా ఆడపడుచుకి కళ్ళు చెమ్మగిల్లాయి. ఆ రోజు ఆవిడ ఆ ఒడ్డునే ఆగిపోవడం వల్ల ఎంత జరిగిందో చూడండి!

ఆ చిన్న గది తప్పక చూడండి

గుడికి తొమ్మిది శిఖరాలు. నది వైపు వరసగా పన్నెండు శివాలయాలు, పక్కన రాధాకృష్ణుల గుడి. పెద్ద ఆవరణకి వాయవ్య మూల పరమహంస నివసించిన గది. జనమంతా ఆ గది చూసి వెనక్కి వచ్చేస్తారు. మీరు ఇంకో నాలుగడుగులు ఉత్తరానికి వేయండి. అక్కడ నహబత్ అని సన్నాయి వాయించే చిన్న మేడ ఉంటుంది. దాని కింది గదిలో శారదామాత ఉండేవారు. ఎనిమిది పలకల గది, మన వంటింటి స్టోరు రూమంత. ద్వారం ఎంత పొట్టిదంటే, మొదట్లో ఆవిడకి తల చాలాసార్లు కొట్టుకునేదట.

ఆ గదిలోనే సామాన్లు, బియ్యం, కూరలు. పైన ఉట్లలో కుండలు. అందులోనే నిద్ర. పరమహంసకి పథ్యం వంట, వచ్చిన భక్తులకి రొట్టెలు అన్నీ ఆవిడే. ఎవరి కంటా పడకూడదని తెల్లవారుజామున మూడింటికే గంగస్నానం చేసి వచ్చేసేవారట. వరండాకి తడికలు కట్టి ఉండేవి. ఆ తడికల చిల్లుల్లోంచి భజనలు చూసేవారట.

మా అత్తగారు ఆ గుమ్మంలో చాలాసేపు నిలబడ్డారు. "మేము కాపురానికి వచ్చిన కొత్తలో మా వంటిల్లూ ఇంతే ఉండేది" అన్నారు. ముప్ఫై మందికి ఆ వంటింట్లోంచే వండిపెట్టేవారని ఎప్పుడూ నాతో అనలేదు. ఆ రోజు చెప్పారు. పాతికేళ్ళ నుంచి ఒకే ఇంట్లో ఉన్నాం, ఆవిడ సంగతులు ఇన్ని తెలిసింది ఆ గుమ్మం ముందే.

ఒక్కటి గుర్తుంచుకోండి - మధ్యాహ్నం గుడి మూసేస్తారు. పన్నెండు లోపలే దర్శనం అయ్యేలా చూసుకోండి. మంగళ, శనివారాలు రద్దీ ఎక్కువ. దసరా రోజుల్లో అయితే ఊరంతా జనమే, బండి అందుకోవడం కష్టం. బేలూరు మఠానికి అక్కడినుంచి పడవలున్నాయి గానీ అదీ మధ్యాహ్నం మూసేస్తారు. ఊరికే పరుగులు పెట్టొద్దు.

ఏం తింటాం?

బెంగాల్ అంటే చేపలే అనుకుని మనలో శాకాహారులు బిస్కెట్లతో గడిపేస్తారు. అక్కర్లేదు. "నిరామిష్" అని అడగండి. మన నిరామిషం మాటే కాబట్టి గుర్తుంటుంది. దక్షిణేశ్వరం గుడి బయట కచోరీల కొట్లున్నాయి. లోపల మినప్పప్పు, ఇంగువ పెట్టి పూరీలా ఒత్తి వేయిస్తారు. పక్కన బంగాళాదుంప కూర. వేడివేడిగా బాగుంటాయి. కొబ్బరి ముక్కలు వేసి, కాస్త తియ్యగా చేసే శనగపప్పు కూడా మన నోటికి నచ్చుతుంది. ఆవనూనె వాసన పడనివాళ్ళు ముందే అడిగి తెలుసుకోండి.

రసగుల్లా సంగతి చెప్పేదేముంది! కలకత్తాలో నవీన్ చంద్ర దాస్ 1868లో మొదలుపెట్టిన తీపి అది. మాదంటే మాదని ఒరిస్సావాళ్ళు కూడా పోటీకొచ్చి, చివరికి ఇద్దరూ ఎవరి గుర్తింపు వాళ్ళు తెచ్చుకున్నారు. బండిలో తీసుకెళ్ళాలంటే డబ్బాలో సీలు చేసినవి కొనండి. చలికాలమైతే కొత్త ఖర్జూర బెల్లం దొరుకుతుంది, ఒక అచ్చు తెచ్చుకోండి. పరమాన్నంలో వేస్తే ఆ వాసనే వేరు!

బజారులో...

తిరుగుదారిలో ఎస్ప్లనేడ్ దగ్గర పైకొస్తే న్యూ మార్కెట్ దగ్గరే. పేరుకి న్యూ గానీ 1874 నాటిది! నేత చీరలు, గాజులు, తోలు సంచులు, కేకులు అన్నీ ఉంటాయి. బెంగాల్ తాంత్ చీరలు వేసవికి హాయి. కొనేటప్పుడు చీర పూర్తిగా విప్పించి పమిట, అంచు చూడండి. జాకెట్టు గుడ్డ ఉందో లేదో అడగండి, చాలా చీరలకి ఉండదు. గంజి బాగా పెట్టి ఉంటారు కాబట్టి మొదట రెండు ఉతుకులూ చన్నీళ్ళలో, విడిగా జాడించండి. ముదురు రంగులు వదులుతాయి. తర్వాత పల్చగా గంజి పెట్టి ఇస్త్రీ చేస్తే కొత్తదానిలా నిలబడుతుంది. చెప్పిన ధరకి కొనకండి, బేరం ఆడండి.

అక్కడి ముత్తైదువలు వేసుకునే శంఖు గాజులు, ఎర్ర గాజులు కూడా అడిగితే చూపిస్తారు. శంఖు గాజు జారి పడితే విరుగుతుంది, దూదిలో చుట్టించి తెచ్చుకోండి.

మనందరికీ ఒక అలవాటుంది. తోటికోడలికి, పిన్నిగారికి, పనమ్మాయికి, ఎదురింటివాళ్ళకి... వరసగా అందరికీ కొంటాం. లెక్క చూసుకునేసరికి మన వంతుకి డబ్బులుండవు. ఈసారి వరస మార్చండి. ముందు మీకొకటి కొనుక్కోండి, తర్వాతే మిగతావాళ్ళకి. నేను ఎర్ర అంచు తెల్లచీర కొనుక్కున్నాను. సమారాధన రోజు అదే కట్టుకున్నాను.

పడవలో స్టేషన్‌కి

సాయంత్రం మెట్రోలో కాకుండా పడవలో వెనక్కి రండి. బాబూఘాట్‌కి ఆటోలోనో ట్యాక్సీలోనో వెళ్తే, అక్కడ పడవ టికెట్టు చాలా చవక. ఆ బాబూఘాట్ ఎవరి పేరో తెలుసా? మన రాణీ రాస్మణి భర్త రాజచంద్ర దాస్ పేరే! 1830 నాటి ఘాట్ అది. పడవెక్కేటప్పుడు మెట్లు, బల్ల జాగ్రత్త. సముద్రం దగ్గర కాబట్టి గంగకి ఇక్కడ ఆటుపోట్లుంటాయి, మెట్లు పాకుడు పట్టి ఉంటాయి. పెద్దవాళ్ళ చెయ్యి పట్టుకోండి.

నది మధ్యకి వచ్చేసరికి హౌరా వంతెన కనిపిస్తుంది. 1943లో వాడుకలోకి వచ్చింది. 705 మీటర్ల పొడవు, నది మధ్యలో ఒక్క స్తంభం లేదు, నట్టూ బోల్టూ లేకుండా మొత్తం రివిట్లతో బిగించారు. అంత బలమైన వంతెనకి పాదాల దగ్గర తాంబూలం ఉమ్ములే హాని చేస్తుంటే తొడుగులు వేయాల్సి వచ్చిందట. మనింటి గోడలే కాదన్నమాట!

నాలుగు గంటలే ఖాళీ ఉన్నవాళ్ళు కూడా నిరాశపడక్కర్లేదు. స్టేషన్ ముందే పడవల రేవు ఉంది. అవతలి ఒడ్డుకి వెళ్ళి, వంతెన కింద మల్లిక్ ఘాట్ పూలబజారు చూసి వెనక్కి రావచ్చు. బంతిపూల దండలు తాళ్ళలా చుట్టలు చుట్టి భుజాల మీద మోసుకెళ్తుంటారు. పొద్దున్నే అయితే మరీ బాగుంటుంది. సోమవారం విక్టోరియా మెమోరియల్, మ్యూజియం మూసి ఉంటాయి. ఆ రోజు దిగితే ఈ పూలబజారే మేలు.

బండి టైముకి కనీసం గంటన్నర ముందు స్టేషన్‌లో ఉండండి. హౌరాలో పాత కాంప్లెక్సు, కొత్త కాంప్లెక్సు అని రెండున్నాయి, సామాను విడిపించుకుని ప్లాట్‌ఫారం చేరడానికి సమయం పడుతుంది. బండి కదిలాక రెండు గంటల్లో ఖరగ్‌పూర్ వస్తుంది. ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా పొడవైన ప్లాట్‌ఫారం అక్కడిదే. రైల్వే ఉద్యోగాలకి వెళ్ళి స్థిరపడిన మనవాళ్ళు అక్కడ చాలామంది. కిటికీలోంచి తెలుగు మాట వినిపిస్తే ఇల్లు దగ్గరపడ్డట్టే ఉంటుంది.

మీ ఇంట్లో కాశీ ప్రయాణం మాట వచ్చినప్పుడు టికెట్లు కొనకముందే చెప్పండి, హౌరాలో ఆ పూట సామానుకి తాళం, మనకి సెలవు అని!

ఇంట్లోనే మిష్టి దోయి

కలకత్తా తియ్య పెరుగు బండిలో తేలేం, ఎండకి పులిసిపోతుంది. ఇంట్లోనే చేసుకోవచ్చు.

కావలసినవి: చిక్కటి పాలు - 1 లీటరు, పంచదార - 150 గ్రాములు, తోడుకి గట్టి పెరుగు - 2 చెంచాలు, మట్టి మూకుడు లేదా చిన్న ముంతలు.

తయారుచేసే విధానం: మట్టి పాత్రని ముందురోజే నీళ్ళలో నానబెట్టి, తుడిచి ఆరబెట్టండి. పాలు సన్నసెగ మీద కలుపుతూ మూడోవంతు తగ్గేదాకా మరిగించండి. సగం పంచదార పాలలో వేయండి. మిగతా సగం వేరే మందపాటి గిన్నెలో, రెండు చెంచాల నీళ్ళతో తేనెరంగు వచ్చేవరకూ కరిగించి, పాలలో కొద్దికొద్దిగా పోసి కలపండి. చిటపటలాడుతుంది, చెయ్యి దూరంగా ఉంచండి. పాకం మరీ నల్లబడితే చేదొస్తుంది. పాలు గోరువెచ్చగా అయ్యాక, పెరుగుని గిలక్కొట్టి కలిపి మట్టి పాత్రలో పోసి, మూతపెట్టి, గుడ్డ చుట్టి రాత్రంతా కదపకుండా ఉంచండి. పొద్దున్న తోడుకున్నాక చల్లటిచోట పెట్టి తినండి. మట్టి పాత్ర నీటిని పీల్చుకుంటుంది కాబట్టే పెరుగు అంత గట్టిగా వస్తుంది. స్టీలు గిన్నెలో ఆ రుచి రాదు సుమా!